లింకు చూపే దారి, తెలిసిన దారి: మోసపు సందేశాల లోగుట్టు

భారతదేశంలో సైబర్ ఆర్థిక మోసాల వల్ల 2024లో పౌరులు పోగొట్టుకున్నట్టు నమోదైన సొమ్ము రూ.22,845 కోట్లు దాటిందనీ, 2023లో అది రూ.7,465 కోట్లేననీ కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో పార్లమెంటుకు తెలిపింది. ఒక్క ఏడాదిలో మూడు రెట్లయిన ఈ నష్టంలో ఎస్సెమ్మెస్‌లు, మెయిళ్ల మోసాలతో పాటు ఫోన్ కాల్స్, బూటకపు పెట్టుబడి యాప్‌లు, ‘డిజిటల్ అరెస్ట్’ బెదిరింపులు కూడా కలిసి ఉన్నా, వాటిలో చాలావాటి తీరు ఒక్కటే. మోసగాడు బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడనక్కర్లేదు. ఖాతాదారు తన చేత్తోనే పిన్ నొక్కేలా, ఓటీపీ చెప్పేలా, యాప్ ఎక్కించుకునేలా నమ్మించగలిగితే పని పూర్తయినట్టే.

ఆ నమ్మించే ప్రయత్నం తరచుగా ఒక చిన్న సందేశంతో మొదలవుతుంది. పేరున్న సంస్థ ముసుగు వేసుకుని, రహస్య వివరాలు రాబట్టడానికో హానికరమైన యాప్‌ను ఫోన్‌లోకి ఎక్కించడానికో పంపే మెయిల్‌ను ఫిషింగ్ అనీ, అదే పని ఎస్సెమ్మెస్‌తో జరిగితే స్మిషింగ్ అనీ అంటారు. వీటిపై ప్రచారంలో ఉన్న సలహాల్లో ఎక్కువ భాగం నకిలీని గుర్తుపట్టే విధానం చెప్పేవే: అక్షర దోషాలు వెతకమనీ, పంపినవారి పేరు చూడమనీ, వెబ్‌సైట్‌లో తాళం గుర్తు ఉందో లేదో గమనించమనీ. ఈ గుర్తుల్లో కొన్ని ఇప్పటికీ పనికొస్తాయి, కొన్నింటికి కాలం చెల్లింది, కొన్ని మొదటి నుంచీ నమ్మదగినవి కావు. ఏ గుర్తుకు ఎంత విలువ ఇవ్వాలో తెలుసుకోవడం అవసరమే గానీ, ఏ గుర్తూ దొరకనప్పుడు కూడా నష్టం నుంచి కాపాడే అలవాటు ఒకటి చేసుకోవడం అంతకన్నా అవసరం. సందేశం అసలుదో నకిలీదో తేల్చుకోలేకపోయినా ఫర్వాలేదు, దానిపై స్పందించే దారి మాత్రం ఆ సందేశం చూపినది కాకూడదన్నదే ఆ అలవాటు సారాంశం.

పంపినవారి పేరు ఎంతవరకు నిజం

మెయిళ్లను ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు చేరవేసే ఎస్ఎంటీపీ అనే నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో ప్రచురించే నాటికి ఆ వ్యవస్థను వాడేవారు పరిశోధన సంస్థలకూ విశ్వవిద్యాలయాలకూ చెందిన కొద్దిమందే కావడంతో, పంపినది ఎవరో నిర్ధారించే ఏర్పాటు అందులో చోటుచేసుకోలేదు. తపాలా కవరు వెనక ఎవరు ఏ చిరునామా రాసినా తపాలా శాఖ సరిచూడనట్టే, మెయిల్‌లో ‘ఫ్రమ్’ అన్నచోట ఏ పేరు రాసినా ఆ నియమావళి అడ్డుచెప్పదు. ఈ లోటు పూడ్చడానికి తర్వాతి కాలంలో మూడు ఏర్పాట్లు వచ్చాయి. ఒక సంస్థ తరఫున మెయిల్ పంపడానికి ఏ సర్వర్లకు అనుమతి ఉందో ప్రకటించేది ఎస్‌పీఎఫ్. మెయిల్‌పై డిజిటల్ సంతకం చేసి, దాన్ని మధ్యలో ఎవరూ మార్చలేదని చూపేది డీకిమ్. ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను స్పామ్‌లో పడేయాలో పూర్తిగా తిరస్కరించాలో చెప్పేది డీమార్క్. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారు వీటిని తప్పక పాటించాలని గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టాయి.

అయితే ఈ ఏర్పాట్లు రుజువు చేసేది మెయిల్ ఫలానా డొమైన్ నుంచి, అంటే ఫలానా ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చిందన్న సంగతి మాత్రమే. ఆ చిరునామా నిజంగా బ్యాంకుదేనా అన్నది వాటి పరిధిలోకి రాదు. బ్యాంకు పేరుకు ఒక గీతో ఒక అక్షరమో చేర్చి కొత్త డొమైన్ కొనుక్కున్న మోసగాడు ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గగలడు. పైగా ఫోన్ తెరపై చాలా మెయిల్ యాప్‌లు పంపినవారి పేరును మాత్రమే చూపించి, అసలు చిరునామాను దాచి ఉంచుతాయి. పేరు మీద వేలితో తాకితే గానీ, ‘ఆదాయపు పన్ను శాఖ’ అని కనిపించిన మెయిల్ వెనక ఉన్నది ఎవరిదో ఉచిత మెయిల్ ఖాతా అని బయటపడదు.

ఎస్సెమ్మెస్ విషయంలో భారతదేశంలో కొంత కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. భారత టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, వ్యాపార సందేశాలు పంపే ప్రతి సంస్థా టెలికం కంపెనీల డిజిటల్ రిజిస్టరులో నమోదై, హెడర్ అనే పేరును, పంపబోయే సందేశాల నమూనాలను ముందుగా ఆమోదింపజేసుకోవాలి. అందుకే బ్యాంకు సందేశం పది అంకెల నంబరు నుంచి కాక, రెండు అక్షరాలు, ఒక గీత, ఆ తర్వాత సంస్థను సూచించే పొట్టి పేరు ఉన్న హెడర్‌తో వస్తుంది. మొదటి రెండు అక్షరాలు టెలికం కంపెనీనీ, సర్కిల్‌నూ తెలుపుతాయి. 2025 మే నుంచి హెడర్ చివర మరో అక్షరం కూడా చేరింది. ప్రచార సందేశమైతే ఇంగ్లీషు అక్షరమాలలోని పీ, సేవా సమాచారమైతే ఎస్, లావాదేవీకి సంబంధించినదైతే టీ, ప్రభుత్వ సందేశమైతే జీ కనిపిస్తుంది. ముందుగా నమోదు చేయించుకోని లింకులున్న వ్యాపార సందేశాలను టెలికం కంపెనీలు 2024 అక్టోబరు 1 నుంచి ఆపేస్తున్నాయి.

ఈ వివరాలు తెలిసిన పాఠకుడికి ఒక గట్టి ఆధారం దొరుకుతుంది: బ్యాంకు, కరెంటు ఆఫీసు, ఆర్టీఏ, తపాలా శాఖ వంటి ఏ పేరు చెప్పుకున్నా, మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచో, విదేశీ నంబరు నుంచో వచ్చిన సందేశాన్ని ఆ ఒక్క కారణంతోనే పక్కన పెట్టవచ్చు. కానీ దీన్ని తిరగేసి, హెడర్ సవ్యంగా ఉంది కాబట్టి సందేశం అసలుదే అనుకోవడం మాత్రం పొరపాటు. నిర్లక్ష్యంగా ఉన్న సంస్థల హెడర్లనూ, నమూనాలనూ ఇతరులు దుర్వినియోగం చేసిన ఉదంతాలు ఉండబట్టే ట్రాయ్ 2023లో వాటిని తిరిగి పరిశీలించి ప్రక్షాళన చేయాలని ఆదేశించింది. ఫోన్లు సందేశాలను పంపినవారి పేరును బట్టి ఒకే వరసలో పేరుస్తాయి గనుక, ఎవరైనా హెడర్‌ను అనుకరించగలిగితే, ఆ నకిలీ సందేశం బ్యాంకు నుంచి నిజంగా వచ్చిన పాత సందేశాల కిందే చేరి, వాటి నమ్మకాన్ని అరువు తెచ్చుకుంటుంది. ఇక వాట్సాప్, టెలిగ్రామ్ వంటి యాప్‌లలో వచ్చే సందేశాలకు ఈ హెడర్ల పద్ధతి వర్తించదు.

తప్పుల భాష అనే పాత కొండగుర్తు

మోసపు మెయిల్‌లో భాష తప్పుల తడకగా ఉంటుందన్న మాటలో ఒకప్పుడు నిజం ఉండేది. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ 2012లో ప్రచురించిన పత్రంలో దీనికి ఆసక్తికరమైన వివరణ ఇచ్చారు. నైజీరియా రాకుమారుడి నిధి వంటి నమ్మశక్యం కాని కథలు చెప్పేవారు తమ అతకని కథనాన్ని దిద్దుకోకపోవడం తెలివితక్కువతనం కాదనీ, అనుమానించే వారిని మొదట్లోనే వడపోసి, చివరిదాకా నమ్మే కొద్దిమంది మీదే సమయం వెచ్చించడానికి అది ఉపయోగపడుతుందనీ ఆయన వాదించారు. కానీ బ్యాంకు సందేశాన్ని అనుకరించే మోసానికి అలాంటి వడపోత అవసరం లేదు. అది వీలైనంత ఎక్కువ మందిని ఒకే క్షణంలో నమ్మించాలి. కృత్రిమ మేధ సాధనాలు ఏ భాషలోనైనా చక్కటి వాక్యాలు రాసిపెడుతున్న ఈ రోజుల్లో, ‘ప్రియమైన ఖాతాదారు’ అని మొదలయ్యే సాఫీ తెలుగు సందేశం తయారుచేయడం ఎవరికీ కష్టం కాదు.

మోసపు సందేశంలో తెలుగు సహజంగా ఉండటానికి యంత్రాలతో సంబంధం లేని కారణం కూడా ఉండవచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగాల ఆశ చూపి ఆంధ్రప్రదేశ్ యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి, భారతీయులపై సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠాల వ్యవహారాన్ని విశాఖపట్నం పోలీసులు 2024 మేలో బయటపెట్టారు. సందేశం పంపిన వ్యక్తి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, అతని మాతృభాష గ్రహీత మాతృభాషే కావచ్చని ఈ ఉదంతం తెలుపుతుంది. కాబట్టి భాషాదోషం కనిపిస్తే అనుమానించడం సబబే అయినా, భాష బాగున్నంత మాత్రాన నమ్మకం పెంచుకోవడానికి ఆధారమేమీ లేదు.

ఒక సందేశాన్ని దగ్గరగా పరిశీలిస్తే

2022లో దేశమంతటా తిరిగిన కరెంటు బిల్లు సందేశం ఈ మోసాల నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి మంచి నమూనా. గత నెల బిల్లు అప్‌డేట్ కానందువల్ల ఈ రాత్రి 9.30 గంటలకు ఇంటికి విద్యుత్ సరఫరా నిలిపివేస్తున్నామనీ, వెంటనే ఫలానా నంబరులో విద్యుత్ అధికారిని సంప్రదించాలనీ అందులో ఉండేది. సందేశంలో ఇంతకు మించి ఏమీ లేకపోవడమే దాని బలం. బిల్లు కట్టలేదని అనకుండా, కట్టినది ‘అప్‌డేట్ కాలేదు’ అనడంతో, క్రమం తప్పకుండా బిల్లు కట్టేవారు సైతం తమ చెల్లింపు నమోదు కాలేదేమోనని కంగారుపడతారు. రాత్రి తొమ్మిదిన్నర అన్న గడువు పెట్టడంతో, కరెంటు ఆఫీసు మూతపడిన వేళ నిజానిజాలు ఎవరినడగాలో తోచదు. లింకు లేనందువల్ల లింకులను పట్టుకునే వడపోతలకు అది చిక్కదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫోన్ చేసేది మోసగాడు కాదు, బాధితుడే; తాను చేసిన కాల్‌కు అవతల ఎత్తిన వ్యక్తి అధికారేనన్న భావన అతనిలో అప్పటికే స్థిరపడుతుంది.

కాల్ కలిశాక అవతలి వ్యక్తి బెదిరించడు, మర్యాదగా సాయం చేయబోతాడు. బిల్లు నమోదు కావడానికి రూ.10 చెల్లిస్తే చాలంటాడు, అందుకు ఒక యాప్ దించుకోమంటాడు. ఆ యాప్ ఒక ఫోన్ తెరను మరొకచోటి నుంచి చూడటానికీ నడపటానికీ వీలు కల్పించే రిమోట్ యాక్సెస్ సాధనం. సాంకేతిక సహాయం కోసం తయారైన ఎనీడెస్క్ వంటి యాప్‌లను మోసగాళ్లు ఈ విధంగా వాడుకుంటున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. పది రూపాయలు చెల్లించడానికి బాధితుడు కొట్టే కార్డు నంబరు, పాస్‌వర్డ్, తెరపై మెరిసే ఓటీపీ అన్నీ అవతలి వ్యక్తి కళ్ల ముందే నమోదవుతాయి. పోయేది పది రూపాయలు కాదు, ఖాతాలో ఉన్నదంతా.

నిజమైన బిల్లు సందేశంలో సర్వీసు నంబరు, చెల్లించవలసిన మొత్తం, గడువు తేదీ ఉంటాయి. ఈ సందేశంలో వాటిలో ఒక్కటీ ఉండదు, ఎందుకంటే మోసగాడికి గ్రహీత ఎవరో తెలియదు. అంతేకాక, బకాయి ఉన్న వినియోగదారుకు సైతం కనీసం 15 రోజుల లిఖితపూర్వక నోటీసు ఇవ్వకుండా కనెక్షన్ తొలగించరాదని 2003 నాటి విద్యుత్ చట్టంలోని 56వ సెక్షన్ చెబుతోంది. ఈ రాత్రికే కరెంటు తీసేస్తామన్న బెదిరింపు ఆ చట్టం ముందు నిలవదు. సాధారణంగా ప్రభుత్వ సంస్థలూ బ్యాంకులూ గడువులను గంటల్లో కాక రోజుల్లో, వారాల్లో లెక్కిస్తాయి కాబట్టి, సందేశంలోని తొందరే దానిపై మొదటి అనుమానానికి తగిన కారణం.

వేషం మారినా అడిగేది మారదు

కరెంటు బిల్లు స్థానంలో రోజుకో కొత్త కథ వస్తూనే ఉంటుంది. కేవైసీ గడువు ముగిసిందని, పాన్ జత చేయకపోతే ఖాతా స్తంభిస్తుందని, రివార్డు పాయింట్లు ఈ రోజుతో చెల్లిపోతాయని, చిరునామా సరిగా లేక పార్సిల్ గోదాములో ఉండిపోయిందని, వాహనంపై చలాన్ పడిందని, ఆదాయపు పన్ను రీఫండ్ మంజూరైందని సందేశాలు వస్తాయి. అమెరికాలో ఉన్న తెలుగువారికి అదే కథ రోడ్డు టోల్ బకాయి రూపంలో వస్తుంది. ఆ తరహా ఎస్సెమ్మెస్‌లపై ఎఫ్‌బీఐ 2024 ఏప్రిల్‌లో హెచ్చరిక జారీ చేసింది. కథలన్నిటినీ గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు గానీ, అవి చివరికి అడిగేవి నాలుగే: రహస్యం చెప్పమనడం, లింకు నొక్కి వివరాలు నింపమనడం, యాప్ ఎక్కించుకోమనడం, చిన్న మొత్తం చెల్లించమనడం. కథను పక్కనబెట్టి, అడుగుతున్నది ఈ నాలుగింటిలో ఏదన్న ప్రశ్న వేసుకుంటే సందేశం వేషం సగం ఊడిపోతుంది.

రహస్యం అడిగే మోసాల్లో యూపీఐ పేరుతో జరిగేవి ఎక్కువగా ఒక అపోహ మీద ఆధారపడతాయి. యూపీఐ పిన్ సొమ్ము పంపడానికీ, ఖాతాలోని నిల్వ చూసుకోవడానికీ మాత్రమే కావాలి. సొమ్ము అందుకోవడానికి పిన్ నొక్కాల్సిన పని గానీ, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పని గానీ ఎప్పుడూ ఉండదు. పాత సామాన్లు అమ్మకానికి పెట్టినవారికి ‘డబ్బు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేయండి’ అని వచ్చే సందేశం ఈ ఒక్క సూత్రంతోనే పట్టుబడుతుంది. పొరపాటున రూ.1,000 బదులు రూ.10,000 పంపానంటూ, జమ అయినట్టు బ్యాంకు భాషలో ఒక ఎస్సెమ్మెస్ తయారుచేసి పంపి, మిగతా సొమ్ము వెనక్కి ఇమ్మని ప్రాధేయపడేవారూ ఉన్నారు. జమ అయిందని చెప్పేది ఎస్సెమ్మెస్ కాదు, ఖాతా నిల్వ. బ్యాంకు యాప్ తెరిచి చూసుకోకుండా పైసా అయినా తిప్పి పంపకూడదు.

యాప్ ఎక్కించుకోమనే మోసాలు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోకి ఏపీకే ఫైళ్ల రూపంలో వస్తున్నాయి. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను నేరుగా అమర్చే ఫైలు. గూగుల్ ప్లే స్టోర్‌తో నిమిత్తం లేకుండా అది ఫోన్‌లోకి చేరుతుంది. ‘ఆర్టీఓ చలాన్’, ‘పీఎం కిసాన్’, ‘రివార్డ్స్’ వంటి పేర్లతో ఉన్న ఆ ఫైలును తాకి, తెలియని చోటి యాప్‌లకు అనుమతి ఇచ్చినప్పుడు, అది ఎస్సెమ్మెస్‌లు చదివే అధికారం కోరుతుంది. ఆ అధికారం చేతికొచ్చాక బ్యాంకు పంపే ఓటీపీలు ఖాతాదారు చూడకముందే మోసగాడికి చేరిపోతాయి. కొన్ని యాప్‌లు తమ గుర్తును తెరపై కనిపించకుండా దాచుకుని, అదే ఫైలును ఆ ఫోన్‌లోని పరిచయస్తులందరికీ పంపుతాయి. బావమరిది నంబరు నుంచి వచ్చిన చలాన్ ఫైలు నిజానికి ఆయన పంపినది కాకపోవచ్చన్నమాట. ఏ బ్యాంకూ, ఏ ప్రభుత్వ శాఖా తమ యాప్‌ను వాట్సాప్‌లో ఫైలుగా పంపదు గనుక, ఇక్కడ నియమం సులువు: సందేశంలో వచ్చిన ఏపీకేను ఎవరు పంపినా తెరవకూడదు. చలాన్ ఉందో లేదో ప్రభుత్వ ‘పరివాహన్’ వెబ్‌సైట్లో వాహనం నంబరు కొట్టి చూసుకుంటే సరిపోతుంది.

లింకును కుడివైపు నుంచి చదవాలి

లింకు అసలుదో కాదో తేల్చుకోవడానికి ఉన్నంతలో నమ్మదగిన పద్ధతి ఒకటే, అది ఆ చిరునామాను సరైన చోటు నుంచి చదవడం. ‘మనబ్యాంక్.బ్యాంక్.ఇన్.కేవైసీ-అప్‌డేట్.టాప్/లాగిన్’ అనే కల్పిత చిరునామాను ఉదాహరణగా తీసుకుంటే, ఎడమ నుంచి చదివే కంటికి మొదట కనిపించేది బ్యాంకు పేరే. కానీ ఇంటర్నెట్ చిరునామాలో యజమాని పేరు ఎడమవైపు ఉండదు. ముందుండే ‘హెచ్‌టీటీపీఎస్’ భాగాన్ని వదిలేసి, మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి ఎడమకు వెనక్కి వస్తూ చదివితే, చివరి చుక్కకు రెండు పక్కలా ఉన్న భాగమే అసలు యజమానిది. పై ఉదాహరణలో అది ‘కేవైసీ-అప్‌డేట్.టాప్’, దానికి ఎడమన ఉన్నదంతా ఆ యజమాని తనకు నచ్చినట్టు రాసుకున్న అలంకారం. చివర ‘జీఓవీ.ఇన్’, ‘సీఓ.ఇన్’ వంటి జంట ముగింపు ఉన్నప్పుడు మాత్రం దానికి ముందున్న పేరును కూడా కలిపి చదవాలి.

ఈ చదివే పనిని తేలిక చేయడానికే రిజర్వ్ బ్యాంక్ 2025 ఫిబ్రవరిలో బ్యాంకుల కోసం ‘బ్యాంక్.ఇన్’ అనే ప్రత్యేక ముగింపును ప్రకటించి, అదే ఏడాది అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను దానికి మార్చుకోవాలని ఆదేశించింది. దానిని కేటాయించే అధికారం హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీకి మాత్రమే ఉంది. ‘డాట్ కామ్’ పేరును ఎవరైనా కొద్ది డబ్బుతో కొనుక్కోవచ్చు గానీ, ‘బ్యాంక్.ఇన్’ పేరు నమోదు చేసుకోగలిగేది బ్యాంకులే. ప్రభుత్వ శాఖల విషయంలో ‘జీఓవీ.ఇన్’ ముగింపుకు ఇలాంటి విలువే ఉంది.

బ్రౌజర్‌లో చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తుకు మాత్రం చాలామంది అనుకునేంత విలువ లేదు. ఫోన్‌కూ వెబ్‌సైట్‌కూ మధ్య సమాచారం సంకేత రూపంలో ప్రయాణిస్తోందని, అంటే దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అది చెబుతుంది. అవతలి చివర ఉన్నది బ్యాంకో దొంగో చెప్పదు. అందుకు కావలసిన ధ్రువపత్రాలు ఉచితంగా దొరుకుతున్నందువల్ల నకిలీ సైట్లకూ ఆ తాళం ఉంటోంది. ప్రజలు దానిని భద్రతకు హామీగా పొరబడుతున్నారనే కారణంతో గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజర్ నుంచి తాళం గుర్తును తొలగించి మరో గుర్తు పెట్టింది. చిరునామాను చదివే పద్ధతికీ హద్దులున్నాయి. కుదించిన లింకుల్లో అసలు చిరునామా కనిపించనే కనిపించదు. ఇంగ్లీషులో ఆర్, ఎన్ అనే రెండు చిన్న అక్షరాలను పక్కపక్కన రాస్తే చిన్న తెరపై ఎమ్‌లా కనిపించే అవకాశం ఉంది. రష్యన్ లిపిలో ఇంగ్లీషు అక్షరాల్లాంటివే ఉండటం వల్ల కంటికి తేడా తెలియని చిరునామాలు తయారవుతాయని 2017లో ఒక పరిశోధకుడు నిరూపించారు. కంటికి దొరకని ఈ తేడా యంత్రానికి దొరుకుతుంది. పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డ్‌లను భద్రపరిచే యాప్, తాను గుర్తుంచుకున్న చిరునామా అక్షరాలా సరిపోలకపోతే పాస్‌వర్డ్‌ను నింపదు. పాస్‌కీ అనే కొత్త పద్ధతి కూడా అసలు చిరునామా ముందు తప్ప పనిచేయదు.

నిర్ణయం తప్పినా దారి తప్పకుంటే

గుర్తుపట్టే నైపుణ్యం మీదే ఆధారపడితే ఏం జరుగుతుందో 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల నాటి ఒక ఉదంతం చూపిస్తుంది. హిల్లరీ క్లింటన్ ప్రచార బృందం అధ్యక్షుడు జాన్ పొడెస్టాకు ఆ ఏడాది మార్చి 19న, ఆయన పాస్‌వర్డ్ ఎవరి చేతికో చిక్కిందనీ, వెంటనే మార్చుకోవాలనీ గూగుల్ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. ఆయన సిబ్బంది తొందరపడకుండా దానిని సాంకేతిక సహాయకుడికి చూపించారు. అది అసలైన మెయిలేనని ఆ సహాయకుడు జవాబు రాశారు. తర్వాత అది తన రాతలో దొర్లిన తప్పని చెప్పుకొన్నారు. అయితే అదే జవాబులో పాస్‌వర్డ్ మార్చడానికి గూగుల్ అసలు చిరునామాను కూడా ఆయన ఇచ్చారు. సిబ్బంది ఆ చిరునామాకు వెళ్లి ఉంటే, మెయిల్ నకిలీదని ఎవరూ గ్రహించకపోయినా, ఏ నష్టమూ జరిగేది కాదు. వాడింది మాత్రం మొదటి మెయిల్‌లోని కుదించిన లింకు. ఆ దారిన పోయిన వేల మెయిళ్లను అక్టోబరులో వికీలీక్స్ ప్రచురించింది. ఈ చొరబాటు వెనక ఉన్నారంటూ 2018 జులైలో రష్యా సైనిక గూఢచార సంస్థకు చెందిన 12 మందిపై అమెరికా అభియోగాలు మోపింది.

కాబట్టి సందేశం నిజమా కాదా అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడం కన్నా, ఆ జవాబుతో నిమిత్తం లేని దారి పట్టడం మేలు. బ్యాంకు నుంచి కేవైసీ సందేశం వస్తే దానిలోని లింకును వదిలేసి, ఫోన్‌లో ఇదివరకే ఉన్న బ్యాంకు యాప్‌ను తెరవాలి, లేదా శాఖకు వెళ్లాలి. నంబరు కావలసివస్తే డెబిట్ కార్డు వెనకనో పాస్‌బుక్ మీదనో ముద్రించిన నంబరుకే చేయాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే ‘కస్టమర్ కేర్’ నంబర్లలోనూ నకిలీవి ఉంటాయి. సందేశం నిజమైనదే అయితే ఆ విషయం యాప్‌లోనూ కనిపిస్తుంది, కాకపోతే కనిపించదు. రెండు విధాలా నష్టం లేదు.

వ్యాపారాలకూ ఇదే వర్తిస్తుంది. లిథువేనియాకు చెందిన ఒక వ్యక్తి 2013 నుంచి 2015 వరకు తైవాన్ కంపెనీ క్వాంటా కంప్యూటర్ పేరుతో నకిలీ బిల్లులు, మెయిళ్లు పంపి గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుంచే 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టగలిగాడు. 2019 డిసెంబరులో న్యూయార్క్ కోర్టు అతనికి ఐదేళ్ల శిక్ష విధించింది. విశాఖపట్నం రొయ్యల ఎగుమతిదారు గానీ, హైదరాబాద్ మందుల కంపెనీ గానీ, పాత సరఫరాదారు ‘బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో జమ చేయండి’ అని మెయిల్ పంపితే, అదే మెయిల్‌కు జవాబు రాసి నిర్ధారించుకోవడంలో అర్థం లేదు, ఎందుకంటే ఆ జవాబు చేరేది మోసగాడికే. పాత బిల్లులపై ఉన్న ఫోన్ నంబరుకు చేసి, గొంతు విని నిర్ధారించుకున్నాకే ఖాతా మార్చాలి.

సొమ్ము పోయిందని తెలిసిన క్షణం నుంచి

మోసం జరిగిపోయాక మిగిలే ఆయుధం వేగం ఒక్కటే. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే భారత సైబర్ నేరాల సమన్వయ కేంద్రం నడిపే 1930 నంబరుకు ఫోన్ చేస్తే, లావాదేవీ వివరాలు పోలీసులనూ బ్యాంకులనూ కలిపే వ్యవస్థలోకి ఎక్కుతాయి. సొమ్ము చేరిన బ్యాంకు, అది ఇంకా ఖాతాలోనే ఉంటే అక్కడే నిలిపివేస్తుంది. అప్పటికే మరో ఖాతాకు వెళ్లిపోయి ఉంటే ఆ సమాచారం తర్వాతి బ్యాంకుకు చేరుతుంది. మోసగాళ్లు అద్దెకు తీసుకున్న ఇతరుల ఖాతాల గుండా, అంటే మ్యూల్ ఖాతాల గుండా, సొమ్మును నిమిషాల్లో చీల్చి తరలిస్తారు కాబట్టి మొదటి గంటకు ఇంత ప్రాధాన్యం. ఆ తర్వాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయాలి. సందేశాన్ని తుడిచేయకుండా తెర చిత్రం తీసి ఉంచాలి. అనుమానాస్పద యాప్ ఎక్కించుకుని ఉంటే ఇంటర్నెట్ ఆపేసి, బ్యాంకుకు మరో ఫోన్ నుంచి చెప్పాలి. సొమ్ము పోకపోయినా, అలాంటి సందేశం వచ్చినట్టు టెలికం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో తెలపవచ్చు. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్నవారు 7726 నంబరుకు ఆ సందేశాన్ని పంపవచ్చు.

బ్యాంకుకు వెంటనే తెలపడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మరెక్కడో జరిగిన సందర్భాల్లో, మూడు పనిదినాల్లోగా తెలిపిన ఖాతాదారుపై ఏ భారమూ పడదు. ఖాతాదారే ఓటీపీ, పిన్ చెప్పిన సందర్భంలో, బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం అతనిదే అవుతుంది గానీ, తెలిపిన తర్వాత జరిగేది బ్యాంకు భరించాలి. అంటే తన తప్పువల్లే సొమ్ము పోయిందని కుమిలిపోతూ ఊరుకునే ప్రతి గంటా నష్టాన్ని పెంచేదే.

ఈ మౌనానికి మూలం చాలాసార్లు సిగ్గు. చదువుకున్నవారు, ఉద్యోగాలు చేసి రిటైరైనవారు, కంప్యూటర్లతోనే పనిచేసేవారు కూడా ఈ వలలో పడుతున్నా, మోసపోవడాన్ని అమాయకత్వంగా లెక్కకట్టి ఎగతాళి చేసే అలవాటు సమాజంలో బలంగా ఉంది. ఆ ఎగతాళికి జంకి ఇంట్లోవారికి చెప్పకుండా దాచేవారి వల్ల లాభపడేది మోసగాడే. మరోవైపు, ఒకపక్క లింకులు నొక్కవద్దని ప్రచారం చేస్తూనే, ఇంకోపక్క ‘ఈ రోజే ఆఖరు’ అంటూ కుదించిన లింకులతో ఖాతాదారులకు ఆఫర్లు పంపే సంస్థలు తమ ఖాతాదారులకు తప్పు అలవాటు నేర్పుతున్నాయి. బ్యాంకులు సందేశంలో లింకు పెట్టడం మానేసి, ‘వివరాలకు మా యాప్ చూడండి’ అని మాత్రమే రాస్తే, లింకున్న ప్రతి బ్యాంకు సందేశమూ ఆ కారణంతోనే అనుమానాస్పదమవుతుంది. అంతవరకూ ఆ నియమాన్ని ఖాతాదారులే తమకు తాము విధించుకోవాలి, ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ అదే చెప్పాలి. సందేశాన్ని చదవడంలో ప్రమాదం లేదు; అది ఏం చేయమందో తెలుసుకుని, ఆ పని అవసరమే అయితే తమకు ముందే తెలిసిన యాప్‌లోనో, కౌంటర్లోనో చేసుకుంటే చాలు.